పిల్లలతో కలిసి ఇంట్లో ఫ్లైలు కట్టడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు వాళ్లకు వదలాలి?

ప్రశ్న అడిగినవారు: ఏటిగట్టు

అందరికీ నమస్కారం.

నాకు ఫ్లై ఫిషింగ్ అలవాటు ఉన్నా, ఫ్లైలను, అంటే గాలానికి ఈకలు, దారం కట్టి పురుగుల్లా కనిపించేలా చేసే ఎరలను, ఇన్నాళ్లూ కొనుక్కుంటూనే వచ్చాను. సొంతంగా కట్టడంలో నాకున్నది ప్రాథమిక పరిచయం మాత్రమే. ఈ మధ్య మా పిల్లలిద్దరూ నా ఫ్లైల పెట్టె చుట్టూ చేరి, ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తూ, ఇది ఏ పక్షి ఈక, నడుముకు చుట్టినది ఏమిటి, ముడి ఎక్కడ దాగి ఉంది అని అడుగుతున్నారు. పాపకు 10 ఏళ్లు. పూసలు గుచ్చడం, కుట్టుపని ఇష్టంగా చేస్తుంది, పట్టిన పని వదలదు. బాబుకు 7 ఏళ్లు. వాడిది ఎడమచేతి వాటం. ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ. వీళ్లిద్దరినీ కూర్చోబెట్టుకుని ఇంట్లోనే ఫ్లైలు కట్టడం మొదలుపెట్టాలని ఉంది.

పదునైన గాలాలను ఏడేళ్ల పిల్లవాడి చేతికి ఇవ్వవచ్చా, ఇస్తే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది నా మొదటి సందేహం. కట్టడానికి అమ్మే పనిముట్లలో తప్పనిసరిగా కావలసినవి ఏవి, లేకపోయినా గడిచిపోయేవి ఏవి అన్నది రెండవది. మొదట ఏ ఫ్లైతో మొదలుపెడితే పిల్లలకు ఒక్క కూర్చోవడంలో పూర్తిచేసిన తృప్తి కలుగుతుంది, అదే సమయంలో అది నీళ్లలో నిజంగా పనికి వస్తుంది అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్న విషయం ఇంకొకటి ఉంది. ఇలాంటి సన్నని పనుల్లో పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ఓపిక పట్టలేక తామే చేతిలోకి తీసుకుని పూర్తిచేసేస్తారు; పిల్లలకు రంగు ఎంచుకోవడం తప్ప పని మిగలదు. అలా జరగకుండా, వాళ్లు కట్టినది వాళ్లదే అయ్యేలా నేర్పిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.

సమాధానం: పుంజుఈక

ఏటిగట్టు గారూ, మీరు చివర అడిగినదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాన్ని పట్టుకునే ఉన్నాయి. పిల్లలకు ఫ్లై కట్టడం నేర్పడమంటే దారం బిగువును వాళ్ల వేళ్లకు అలవాటు చేయడమే. ఈక ఎక్కడ పెట్టాలో, ఏ రంగు ఎంచుకోవాలో చూసి నేర్చుకోవచ్చు; కాని దారాన్ని ఎంత లాగితే పెట్టిన సామగ్రి కదలకుండా నిలుస్తుందో, ఇంకాస్త లాగితే ఎక్కడ తెగుతుందో ఎవరి చేతికి వారు తెలుసుకోవలసిందే. మీరు వాళ్ల చేతిలోని బాబిన్‌ను, అంటే దారపు ఉండను పట్టి ఉంచే గొట్టపు పనిముట్టును, అందుకుని నాలుగు చుట్లు చుట్టి ఇచ్చారంటే ఫ్లై అందంగా రావచ్చు, కాని వాళ్లు నేర్చుకోవలసినది ఆ నాలుగు చుట్లలోనే ఉంది. అందువల్ల వీలైతే గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే వైసులు రెండు బిగించండి, ఒకటి మీకు, ఒకటి పిల్లలకు. ఏది చూపించాలన్నా మీ వైసులో ఉన్న మీ గాలం మీదే చూపించండి. వాళ్ల గాలాన్ని మీరు ముట్టుకోకూడదన్న నియమాన్ని వాళ్ల ముందే పెట్టుకుంటే, ఆ నియమాన్ని పాటించేలా చూసే పని పిల్లలే తీసుకుంటారు.

పనిముట్ల విషయానికి వస్తే, బల్ల అంచుకు మరతో బిగించే సాదా వైస్ ఒకటి చాలు. గాలాన్ని గుండ్రంగా తిప్పే రోటరీ ఏర్పాటు ఇప్పుడు అక్కరలేదు; గాలాన్ని వంపు దగ్గర పట్టుకుని, గట్టిగా లాగినా జారనివ్వకపోతే అది మంచి వైసే. డబ్బు పెట్టవలసినది బాబిన్ మీద. దాని గొట్టం అంచు గరుకుగా ఉంటే దారం కోసుకుపోతూనే ఉంటుంది, పిల్లలు తమ చేతినే తప్పుపట్టుకుంటారు. గొట్టంలో సిరామిక్ అమర్చిన బాబిన్ అయితే ఈ బెడద ఉండదు. మొన సన్నగా ఉన్న కత్తెర ఒకటి కావాలి, దానితో రాగి తీగను మాత్రం ఎప్పుడూ కత్తిరించనివ్వకండి. ఫ్లై తల దగ్గర విప్ ఫినిష్ అనే ముగింపు ముడి వేసే కొక్కెం మొదట్లో అవసరం లేదు. రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ను సన్నకొనకు దారాన్ని ఒక చుట్టు చుట్టి, ఆ కొన రంధ్రాన్ని గాలం కన్నుకు, అంటే గాలపు దారం కట్టే చిన్న రంధ్రానికి, ఆనించి, చుట్టును మెల్లగా ముందుకు జార్చి లాగితే హాఫ్ హిచ్ అనే సాదా ముడి పడుతుంది. అలాంటివి నాలుగైదు వేసి పైన ఒక చుక్క వార్నిష్ పెడితే ఆ తల విడిపోదు. ఏడేళ్ల పిల్లలు కూడా దీన్ని త్వరగానే పట్టుకుంటారు.

గాలాల సంఖ్యలు మొదట తికమక పెడతాయి: సంఖ్య పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, అంటే 16వ నంబరు కన్నా 8వ నంబరు పెద్దది. పిల్లలకు 6 లేదా 8 నంబరులో, కాడ పొడుగ్గా ఉన్న రకం తీసుకోండి. దారం విషయంలో పెద్దవాళ్లు వాడే సన్నని 70 డెనియర్ జోలికి పోకండి. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే డెనియర్. పిల్లలకు 140 నయం, 210 ఇంకా నయం. తల కాస్త లావుగా వస్తుంది, అంతకుమించి నష్టం లేదు.

మొదటి ఫ్లైగా నా సలహా వూలీ బగ్గర్. దీన్ని అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ 1967లో రూపొందించారు. తోకకు మెత్తని మరబూ ఈక, నడుముకు నూగు తాడులాంటి షెనీల్, దాని మీదుగా ఎడంగా చుట్టిన కోడిపుంజు ఈక, ఇంతే దీని నిర్మాణం. మరబూ అనే పేరు కొంగజాతి పక్షిది అయినా ఇప్పుడు ఆ పేరుతో అమ్ముతున్నది టర్కీ కోడి మెత్తని ఈక. ఈ ఫ్లై ఏ ఒక్క పురుగునూ అచ్చుగుద్దినట్టు అనుకరించదు. నీటిలో కదిలినప్పుడు జలగలా, చిన్న చేపపిల్లలా, పెద్ద నింఫ్‌లా (నీటిలో పెరిగే పురుగు పిల్లలా) కనిపిస్తుంది కాబట్టి కట్టిన చేతి వంకరలను చేపలు లెక్కచేయవు. పిల్లలకు దీన్ని సూచించడానికి అసలు కారణం అదే.

అయితే పూర్తి ఫ్లైని మొదటిరోజే కట్టించకండి. మొదటిసారి గాలానికి దారం మాత్రం చుట్టించండి. కన్ను వెనుక కొంచెం ఖాళీ వదిలి మొదలుపెట్టి, దారం కొసమీదుగానే అయిదారు చుట్లు వేసి కొస కత్తిరించి, చుట్టు పక్కన చుట్టు పడేలా వంపు దాకా వెళ్లి తిరిగి రావాలి. ఈ పునాది లేకపోతే పైన కట్టిన నడుమంతా కాడ చుట్టూ గిర్రున తిరుగుతుంది. గొట్టం కొసకూ గాలానికీ మధ్య నాలుగైదు సెంటీమీటర్లకు మించి దారం ఉండనివ్వకండి, అంతకన్నా పొడుగైతే చిన్నచేతికి అదుపు తప్పుతుంది. చెయ్యి నొప్పి పుట్టినా, ధ్యాస మళ్లినా బాబిన్‌ను అలాగే వేలాడనివ్వవచ్చునని, దాని బరువే కట్టినదాన్ని బిగువుగా ఉంచుతుందని ముందుగానే చెప్పండి. వదిలితే అంతా విడిపోతుందన్న భయంతో పిల్లలు శ్వాస బిగబట్టి కూర్చుంటారు. ఆ భయం పోయాక వాళ్ల భుజాలు కిందికి దిగడం మీకే కనిపిస్తుంది.

రెండవసారి తోక, నడుము మాత్రమే. మరబూను నీటితో తడిపితే పోగులన్నీ దగ్గరకు చేరి లొంగుతాయి. తోక పొడవు గాలం కాడ పొడవుతో సమానంగా ఉంటే చాలు. ఇంకా పొడుగైతే చేప తోకను అందుకుని గాలాన్ని వదిలేస్తుంది, పైగా అది వంపుకు చుట్టుకుంటుంది. ఈకను కట్టేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి, దారాన్ని ఆ వేళ్ల సందులోంచి పైకి తెచ్చి, వదులుగా అవతలికి దాటించి, అప్పుడు నేరుగా కిందికి బిగించాలి. ఇది రాకపోతే కట్టిన ప్రతి ఈకా దారంతోపాటు అవతలి పక్కకు జారిపోతుంది. మొత్తం పనిలో కష్టమైనది ఈ ఒక్క కదలికే, కాబట్టి మీ వైసు మీద దీన్ని ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చూపించండి. షెనీల్ కొసను గోటితో గీకితే నూగు ఊడి లోపలి దారం బయటపడుతుంది. ఆ దారాన్ని కడితే వంపు దగ్గర బొడిపె రాదు.

మూడవసారి పుంజు ఈక చేర్చండి. అప్పటికి చేతికి పని తెలిసి ఉంటుంది. పూర్తయిన ఫ్లైని పెట్టెలో పెట్టే ముందు గాజుగ్లాసులో నీళ్లు పోసి, ఒక దారానికి కట్టి ముంచి, పైకి కిందికి ఆడించనివ్వండి. పొడిగా ఉన్నప్పుడు ఉబ్బి కనిపించిన తోక నీళ్లలో సన్నగా ముడుచుకుని, ఆపిన ప్రతిసారీ మళ్లీ విచ్చుకుంటుంది. ఈక ఎందుకు వాడతారో, తోక ఎందుకు అంత పొడుగు ఉండాలో ఆ ఒక్క చూపులో వాళ్లకు అర్థమవుతుంది.

సమాధానం: కత్తెరపదును

పుంజుఈక గారు చెప్పిన పద్ధతితో ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయంలో తప్ప. పదేళ్ల పాప సంగతి వేరు. ఏడేళ్ల బాబుకు మాత్రం మొదటి కొన్ని ఫ్లైలను మొన తీసేసిన గాలాల మీదే కట్టించాలని నా గట్టి అభిప్రాయం. పిల్లల చేతిపనుల తరగతులు నడుపుతున్నదానిగా చెబుతున్నాను: గుచ్చుకుంటుందన్న భయం ఉన్న పిల్లవాడి దృష్టి మొన మీదే ఉంటుంది, దారం మీద ఉండదు. పెద్ద గాలాన్ని పాత గుడ్డలో చుట్టి, వంపు దగ్గర తీగల కటింగ్ ప్లయరుతో మీరే తుంచండి. తుంచిన ముక్క ఎగిరి కంట్లో పడవచ్చు కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లలను ఆ సమయంలో దగ్గర ఉండనివ్వకండి. మొన లేని ఫ్లైలు చేపలు పట్టడానికి పనికిరావు గాని, కట్టడంలో పడిన కష్టం వృథా కాదు. పిల్లలు వాటిని సంచీకి తగిలించుకుని తిరుగుతారు.

మొన ఉన్న గాలం వాడే రోజు వచ్చినప్పుడు, వైసులో పెట్టకముందే ప్లయరుతో బార్బ్‌ను, అంటే మొన దగ్గరి ఎదురుముల్లును, నొక్కి చదును చేసేయండి. ఒకవేళ గుచ్చుకున్నా అది వచ్చిన దారిలోనే బయటకు వస్తుంది. తరువాత చేపను వదిలేటప్పుడు కూడా అదే మేలు చేస్తుంది. గుచ్చుకున్నచోట సబ్బుతో, నీళ్లతో కడిగి, ధనుర్వాతం టీకా సమయానికి వేయించారో లేదో చూసుకోండి. కంటికి దగ్గరగా గుచ్చుకుంటే మాత్రం మీరు తీయడానికి ప్రయత్నించవద్దు. దాన్ని కదిలించకుండా, ఒత్తిడి పడకుండా నేరుగా వైద్యుల దగ్గరకు వెళ్లాలి. కట్టేటప్పుడు ముగ్గురూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. మీరు పెట్టుకోకుండా పిల్లలను పెట్టుకోమంటే అది ఒక పూట కూడా నిలవదు.

బల్ల మీద లేతరంగు గుడ్డ పరిచి, గాలాలను అయస్కాంతం ఉన్న మూతలో ఉంచి, మొదలుపెట్టేముందు ఒకసారి, లేచేముందు ఒకసారి లెక్కపెట్టించండి. బాబుకు ఆ లెక్క బాధ్యత అప్పగిస్తే చాలా శ్రద్ధగా చేస్తాడు. ఇంట్లో పిల్లి ఉంటే ఈకలనూ, కట్టిన ఫ్లైలనూ మూత ఉన్న పెట్టెలోనే పెట్టండి. పాకే పసివాళ్లున్న ఇంట్లో అయితే ఆ గది తలుపు వేసుకునే కూర్చోవాలి.

ఇంకొక సంగతిని చాలామంది పట్టించుకోరు. ఫ్లై బరువు పెంచడానికి చుట్టే తీగలు, కళ్లలా కట్టే డంబెల్ ఆకారపు గుండ్లు కొన్ని సీసంతో చేసినవి ఉంటాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది, కాబట్టి వాళ్లు కూర్చునే బల్ల మీదికి అది రానేకూడదు. సీసం లేని తీగ, ఇత్తడి పూసలు, టంగ్‌స్టన్ పూసలు దొరుకుతున్నాయి. పెద్దవాళ్లు ఈకను తడపడానికి నోట్లో పెట్టుకోవడం చూసి పిల్లలు కూడా అదే చేస్తారు. అది మొదలే కాకుండా బల్ల మీద చిన్న గిన్నెలో నీళ్లు పెట్టండి. తలకు పూసే వార్నిష్‌లలో ఘాటైన ద్రావకాలు ఉన్నవి మానేసి, నీటితో తయారైన రకం తీసుకోండి. అతినీలలోహిత కాంతితో గట్టిపడే రెజిన్ మాత్రం ఈ వయసు పిల్లలకు వద్దనే చెబుతాను. గట్టిపడకముందు అది చర్మానికి అంటితే అలర్జీ తెచ్చే ప్రమాదం ఉంది, ఆ దీపాన్ని నేరుగా చూడటం కళ్లకు మంచిది కాదు.

సమాధానం: రాతికింద

అందరూ కట్టడం గురించి చెప్పారు, దేన్ని చూసి కడుతున్నామో కూడా పిల్లలకు తెలియాలి కదా. వీలున్న రోజున వాళ్లను నీళ్లు పల్చగా పారే చోటికి తీసుకువెళ్లి, మీరు పక్కనే నిలబడి, రాళ్లు మెల్లగా తిరగేయించండి. తెల్లని పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి అందులోకి దులిపితే అక్కడి జీవులన్నీ కదలడం కనిపిస్తుంది. పొట్ట పక్కల రెక్కల్లాంటి మొప్పలు ఆడిస్తూ, చాలావరకు మూడు తోకలతో ఉండేది మేఫ్లై నింఫ్. రెండు తోకలతో, కాళ్ల కొసల్లో జంట గోళ్లతో పాకేది స్టోన్‌ఫ్లై నింఫ్. ఇసుక రేణువులను, పుల్లముక్కలను తన నోటి పట్టుదారంతో అతికించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టుకుని అందులో ఉండేది కాడిస్ లార్వా. పిల్లలు ఎక్కువసేపు చూసేది దీన్నే. మేఫ్లైకి రెక్కలు వచ్చాక ఇంకొకసారి కుబుసం విడుస్తుందని, రెక్కలొచ్చాక ఏమీ తినదని చెప్పండి. రెక్కలతో కుబుసం విడిచే కీటకం ఇంకొకటి లేదు. బొమ్మ గీయించి, రంగులు రాయించి, చూసినవాటినన్నిటినీ తిరిగి నీళ్లలో వదిలించండి. ఇంటికి వచ్చి ఉన్నిరంగు ఎంచుకునేటప్పుడు పాప అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

మొదటి ఫ్లై విషయంలో పుంజుఈక గారితో నాకు కొంచెం భేదం ఉంది. పాపకు వూలీ బగ్గర్ సరైనదే. బాబు ఓపిక తక్కువవాడని మీరే రాశారు కాబట్టి అతనికి శాన్ వాన్ వర్మ్ ఇవ్వండి. అమెరికాలో న్యూ మెక్సికోలోని శాన్ వాన్ నది పేరు మీద వచ్చిన ఈ ఫ్లైలో ఎర్రని సన్న షెనీల్ ముక్కను గాలం కాడకు కట్టి, రెండు కొసలను వానపాములా వదిలేయడమే ఉంటుంది. కొసలు పీచు లేవకుండా మంటతో చుర్రుమనిపించే పని మాత్రం మీరు చేయాలి. ఒక్క కూర్చోవడంలో ఒకటి పూర్తవుతుంది, అంతకన్నా ముఖ్యంగా అది చేపలను నిజంగా పట్టే ఫ్లై.

ఉన్ని, ఈక మాత్రమే చాలని పిల్లలకు నమ్మకం కలగాలంటే ఇది చెప్పండి: సుమారు 1,800 ఏళ్ల కిందటి రోమన్ రచయిత ఏలియన్, మాసిడోనియాలోని ఒక నది దగ్గరి జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, దానికి కోడిపుంజు ఈకలు రెండు కట్టి మచ్చల చేపలను పట్టేవారని రాశాడు. ఇదే సామగ్రితో పాప ఆ ఫ్లైని తన ఊహతో కట్టి చూడవచ్చు. ఆమె చేయి కుదిరాక ఫెసెంట్ అనే పక్షి తోక ఈకతో కట్టే ఫెసెంట్ టెయిల్ నింఫ్ వైపు తీసుకువెళ్లండి. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నది సంరక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ దాన్ని దారం లేకుండానే కట్టారు. సన్నని రాగి తీగే దారం పని, బరువు పని రెండూ చేసింది, మిగతాదంతా ఫెసెంట్ తోక ఈక పోగులు. తీగ చుట్టినచోట అలాగే నిలుస్తుంది, కాబట్టి పదేళ్లవాళ్లకు దారం కన్నా అనుకూలంగా ఉంటుంది.

ఎడమచేతి వాటం గురించి ఎవరూ రాయలేదు. కుడిచేతి వాటం వాళ్లు గాలం కన్ను కుడివైపు ఉండేలా బిగించి, కుడిచేత్తో దారాన్ని పైనుంచి అవతలికి చుడతారు. మీ బాబుకు వైసును తిప్పి కన్ను ఎడమవైపు ఉండేలా పెట్టండి. బాబిన్ ఎడమచేతిలో, చుట్టు మాత్రం అదేవిధంగా పైనుంచి అవతలికే. మీకు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే చాలదు, ఎందుకంటే అటునుంచి చూస్తే మీ చుట్లు తన వైపుకు వస్తున్నట్టు కనిపిస్తాయి. మీ చేతులను అద్దంలో చూపించండి, లేదా వీడియోను ఎడమకుడులు తారుమారు చేసి చూపించండి; అప్పుడు తాను చేయవలసినది ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

ఈకలను పిల్లలు బయట ఏరుకొస్తామంటే కొంచెం జాగ్రత్త పడండి. అడవిపక్షుల ఈకలను, అవి రాలిపడినవైనా సరే, దగ్గర ఉంచుకోవడం కొన్ని దేశాల్లో చట్టవిరుద్ధం. పెంపుడు కోళ్ల ఈకలైతే సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరని సంచిలో పెట్టి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి. వాటిలోని పురుగు చావకపోతే మీ దగ్గరున్న మంచి ఈకలన్నిటినీ తినేస్తుంది.

మళ్లీ రాస్తున్నవారు: ఏటిగట్టు

అందరికీ మనసారా ధన్యవాదాలు. మీరు చెప్పిన క్రమంలోనే మొదలుపెట్టాం. కత్తెరపదును గారు చెప్పినట్టు గాలాల లెక్క బాబు చేతిలో పెట్టాను, ఆ బాధ్యతను వాడు నా కన్నా కఠినంగా నిర్వహిస్తున్నాడు. వైసును తిప్పి అద్దం పెట్టాక ఎర్ర వర్మ్‌లు వరసగా కట్టేస్తున్నాడు.

ఇప్పుడు రెండు చిక్కులు ఉన్నాయి. పాపకు దారం తరచుగా, అదీ ఎప్పుడూ వంపు దగ్గరే తెగుతోంది. తెగిన ప్రతిసారీ మొత్తం విప్పి మళ్లీ మొదలుపెడుతోంది. ఇక ఇద్దరికీ ఉన్న ఇబ్బంది ఏమిటంటే, చివరికి వచ్చేసరికి కన్ను దగ్గర చోటు మిగలడం లేదు. ముడి వేయబోతే దారం కన్నులోకి జారి రంధ్రం మూసుకుపోతోంది. ఎంత చెప్పినా నడుమును కన్ను దాకా చుట్టేస్తున్నారు.

సమాధానం: పుంజుఈక

ఎప్పుడూ వంపు దగ్గరే తెగుతోందంటే అది ఎక్కువగా లాగడం వల్ల కాదు. దారం గాలం మొనకు ఒరుసుకుని పోగులు తెగి, తరువాతి బిగింపులో పుటుక్కున తెగిపోతోంది. వైసు దవడలలో మొన ఎంతవరకు దాగి ఉందో చూడండి. వంపును కాస్త లోపలికి పెట్టి మొనను దవడల చాటుకు తెస్తే చాలావరకు తగ్గుతుంది, పిల్లల వేళ్లకు కూడా అది రక్ష. తోక కట్టేటప్పుడు బాబిన్‌ను మొనకు ఇవతలిగా, కొంచెం ముందుకు వంచి తిప్పమని చెప్పండి.

దీనితోపాటు ఒక సాధన చేయించండి. ఖాళీ గాలానికి దారం చుట్టించి, కావాలనే తెగేదాకా నెమ్మదిగా లాగించండి. తెగే ముందు దారం ఎంత సాగుతుందో, వేలికి ఎలా తెలుస్తుందో గమనించమని చెప్పి మళ్లీ మళ్లీ చేయించండి. తరువాత ఆమె ఆ హద్దుకు కొంచెం ఇవతల ఆగడం నేర్చుకుంటుంది. ఇది లేకపోతే కొందరు పిల్లలు తెగుతుందేమోనన్న జంకుతో వదులుగా కట్టి, చేప పట్టిన మొదటి లాగుకే ఊడిపోయే ఫ్లైలు కడతారు. తెగినప్పుడు విప్పనక్కరలేదు. తెగిన కొసను వెంటనే పట్టకారుతో పట్టి కిందికి వేలాడదీస్తే దాని బరువుకు చుట్లు విడిపోవు. దాని మీదుగానే కొత్తగా దారం మొదలుపెట్టి, నాలుగు చుట్లయ్యాక రెండు కొసలూ కత్తిరించేస్తే సరిపోతుంది.

తల దగ్గర చోటు మిగలకపోవడం పెద్దవాళ్లలో కూడా పోని అలవాటు. నోటితో చెప్పి దీన్ని మాన్పించలేరు, కంటికి హద్దు కనిపించాలి. పునాది చుట్లను వేరే రంగు దారంతో వేయించండి. కన్ను పొడవుకు రెండింతల చోటును కాడ మీద ఉత్తగా వదిలి, పసుపుపచ్చ దారంతో వెనక్కి చుట్టించారనుకోండి. షెనీల్ ఆ పసుపు మొదలయ్యేచోటికి రాగానే ఆగాలని ఏడేళ్లవాడికి కూడా తెలుస్తుంది. పాపకు ఇంకొక మార్గం ఉంది: 8వ నంబరు గాలానికి సరిపోయే ఇత్తడి పూసను, సన్నరంధ్రం కన్నువైపు ఉండేలా, మొనలోంచి ఎక్కించి పెట్టండి. బార్బ్ నొక్కేసి ఉంది కాబట్టి సులువుగా ఎక్కుతుంది. తల చోటును పూసే పట్టుకుంటుంది, ముడి పూస వెనుక పడుతుంది, కన్ను మూసుకుపోయే ప్రశ్నే ఉండదు. అప్పటికే కన్నులో దారమో వార్నిషో నిండిన ఫ్లైలను పారేయకండి. వార్నిష్ ఆరకముందే ఒక ఈక కాడను కన్నులోంచి దూర్చి లాగితే శుభ్రపడుతుంది, ఆరిపోయినదాన్ని లావు సూదితో మీరే పొడిచి తీయాలి.

ఇంతవరకు వచ్చారు కాబట్టి ఇంకొక్క మాట. బాబు వర్మ్‌లు వరసగా కట్టేస్తున్నాడని రాశారు. అతన్ని తొందరపడి తరువాతి ఫ్లైకి మార్చకండి. ఒకే ఫ్లైని, ఒకే గాలం మీద, ఒకే రంగులో కట్టినవాటిని కార్క్ ముక్కకు గుచ్చి పక్కపక్కన పెట్టించండి, మొదటిది ఎడమ చివర, తాజాది కుడి చివర. మీరు ఏ వ్యాఖ్యా చేయనక్కరలేదు, తల ఎక్కడ నుంచి చిన్నదవుతూ వచ్చిందో అతనే వేలుపెట్టి చూపిస్తాడు. నీళ్ల దగ్గరకు వెళ్లిన రోజున ఆ వరసలోంచి ఏది కట్టుకోవాలో కూడా అతన్నే ఎంచుకోనివ్వండి. అతను మొదటిదాన్నే ఎంచుకున్నా, దాని ముడిని ఒకసారి లాగి చూసి, అభ్యంతరం చెప్పకుండా గాలపు దారానికి కట్టి ఇవ్వండి.